పని పేరు

రేకుపెట్టె మళ్ళీ వరండాలోకి వచ్చింది.

పొద్దుట్నించీ ఆ పెట్టెకి ఇదే పని. తోటికోడలు దాన్ని ఈడ్చుకొచ్చి గుమ్మం బయట పెడుతుంది. పెద్దకోడలు మాటాపలుకూ లేకుండా ఎత్తుకెళ్ళి మంచం కిందికి తోస్తుంది. గచ్చు మీద చారలు పడ్డాయి. అత్తగారు ఆ చారలు చూసి చూసి ఇక ఉండబట్టలేకపోయింది.

"పొమ్మనలేక పొగబెట్టే ఇళ్ళు చూశాను గానీ, పోతానంటూ పెట్టె మోసుకుని ఇంట్లోనే తిరిగేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా" అంది.

"నేను పోతానంటే మీ పెద్దకోడలు పోనివ్వట్లేదు, అత్తయ్యా."

"పోనివ్వదు. అలాగని ఉండవే అని నోరు తెరిచి అనదు. కాపరానికొచ్చిన నాటినుంచీ దాని వరస అంతే."

పెద్దకోడలు ముందుకొచ్చింది. పెట్టె పిడి పట్టుకుంది. తోటికోడలు రెండో పిడి వదల్లేదు. ఇద్దరూ దాన్ని మధ్యలో పెట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు.

"వదులక్కా. సాయంత్రానికి నేను యూనియన్‌లో ఉండను. యూనియన్‌లో లేనిదాన్ని, అధ్యక్షుడి ఇంట్లో ఏ మొహం పెట్టుకుని ఉండను?"

"సాయంత్రం సంగతి సాయంత్రం" అంది పెద్దకోడలు.

అంతకంటే ధైర్యం చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

ఆ ఇంటి మగవాడు మిల్లంతటికీ పెద్దన్న. యూనియన్‌కి అధ్యక్షుడు. పోటీ పడి ఎన్నిక జరిగి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు. ప్రతిసారీ ఏకగ్రీవమే. ఏకగ్రీవమంటే అందరిదీ ఒకే గొంతు అని ఆయన వేదిక మీద చెబుతాడు. మిగతావాళ్ళ గొంతులు ఏమయ్యాయని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మొదటిసారి అడిగింది ఆయన ఇంట్లో మనిషే. ఛాతీలోకి దూది నుసి చేరి చనిపోయిన తమ్ముడి పెళ్ళాం.

ఫోల్డింగ్ సెక్షన్ మూసేసి ఆ పని కాంట్రాక్టరుకి ఇవ్వడానికి ఆయన కంపెనీతో ఒప్పుకుని సంతకం పెట్టాడు. తానులు పరిచి, తప్పులు పట్టి, మడిచి, ముద్ర వేసే ఆ ఆడవాళ్ళకి ఈ సంగతి గేటు మీద కాగితం అంటించాక గానీ తెలియలేదు. నెలాఖరుతో సరి. వాళ్ళలో తోటికోడలూ ఉంది. ఆయన భార్యా ఉంది.

భార్యకి కూడా గేటు దగ్గరే తెలిసింది. ముందు రోజు ఆమె వడ్డిస్తే కడుపునిండా తిని, బాగుందని కూడా అన్నాడాయన. ఆమెకి అన్నిటికన్నా అదే ఎక్కువగా మండుతోంది.

గదిలోంచి ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. సభలకి వేసుకునే తెల్ల చొక్కా. ఆమె వంటింటి గుమ్మంలోంచే ఒకసారి చూసింది.

"ఆ చొక్కా వద్దు. ఎడమ చంక కింద పోగు జారింది."

గేటు దగ్గర కాగితం చదివాక ఆమె ఆయనతో మాట్లాడిన మొదటి మాట ఇదే.

"కనపడదులే" అన్నాడాయన.

"కనపడుతోంది."

"నీకు కనపడుతుంది. సభలో ఎవరికి కనపడుతుంది?"

ఆయన వరండాలో పెట్టె వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"చిన్నదానికి నువ్వయినా చెప్పు. నన్ను కుర్చీ దించాలన్న ఆ తీర్మానం వెనక్కి తీసుకోమను. ఇంట్లో మాటలు ఇంట్లో మాట్లాడుకుందాం. కడుపు చించుకుంటే ఎవరి కాళ్ళ మీద పడుతుంది?"

"ఇంట్లో మాట్లాడుకోవాల్సిందేనా? అయితే సంతకం పెట్టేముందు ఇంట్లో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేదానివి?"

"వద్దనేదాన్ని."

"అదుగో. అందుకే చెప్పలేదు." ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "కంపెనీవాళ్ళు నా ముందు రెండే పెట్టారే. ఫోల్డింగ్ అయినా ఇవ్వు, లేదా మగ్గాల షెడ్డులో సగం ఆపేస్తామన్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తక్కువ మంది పోయేది ఎంచుకున్నాను. నిద్రపోయి ఎంచుకున్నానా? నువ్వు చూళ్ళేదా?"

చూసింది. ఆయన మంచం మీద అటూ ఇటూ దొర్లడం ఆమె చూసింది. ఆయన లంచం తిన్నాడని ఊళ్ళో అనుకుంటున్నారు. అది అబద్ధమని ఆమెకి తెలుసు. తిని ఉంటే ఈపాటికి ఆయన్ని అసహ్యించుకుని ఊరుకునేది. ఆ సుఖం కూడా లేకుండా పోయింది.

"ఆ రెండూ మా ముందు పెట్టొచ్చు కదా" అంది.

"మీరేమంటారో నాకు తెలియదా?"

"తెలిస్తే మాత్రం? తెలిసిన జవాబైనా మా నోటితో వినాలి కదండీ. కాదంటామని అడగకపోతే, ఇక మీరు ఎప్పుడడుగుతారు? అవునంటామని తెలిసినప్పుడా?"

ఆయన లేచాడు. చెప్పులు వెతుక్కున్నాడు. అవి కాళ్ళ దగ్గరే ఉన్నాయి.

"సభలో చిన్నది లేస్తుంది. ఒంటరిగా నిలబడుతుంది. బలపరిచేవాళ్ళు ఆ సెక్షన్‌లోనే ఇంకొకరు ఉండాలి. ఎవరూ లేవరు. లేవకపోతే నియమం నియమమే, దాని సభ్యత్వం పోతుంది. కార్డు లేనిదాన్ని గేటు దాటనివ్వరు. రేపు ఇంకో సెక్షన్‌లో ఎక్కడో ఒక చోట ఇప్పిద్దామన్నా నా చేతిలో ఉండదు. నా తమ్ముడి పెళ్ళాన్ని నా చేత్తో నన్నే గెంటమంటున్నారా మీరంతా?"

ఆమెకి జాలి వేసింది. జాలి వేసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"నేనూ ఆ సెక్షన్‌లోనే ఉన్నాను" అంది మెల్లిగా.

ఆయన ఆమెని ఎగాదిగా చూశాడు. ఆ సంగతి ఆయన నిజంగానే మరచిపోయినట్టున్నాడు. నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేసి, గొడుగు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

"బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత" అంది అత్తగారు, కొడుకు వెళ్ళిన వైపు చూస్తూ. అని, కళ్ళు ఒత్తుకుంది.

*

ఆ మిల్లులో ప్రతి మనిషికీ ఒక పని పేరు ఉంటుంది. అమ్మానాన్నలు పెట్టింది కాదు, సెక్షన్ పెట్టింది. చేరగానే పెట్టరు. పనిలో నీ తీరు చూసి, ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు అనేస్తారు, అదే అంటుకుంటుంది. తోటికోడలి గొంతు మగ్గాల మోతని కూడా దాటుకుని వినిపిస్తుంది కాబట్టి ఆమె గంట. చిరుగులు కనపడకుండా కుట్టే ఆమె సూదమ్మ.

పెద్దకోడలు డేగ. పరిచిన తాను మీద పోగు ఎక్కడ తెగినా బల్ల ఈ చివరినుంచే పడుతుంది. నీలం సుద్దతో అంచున గీత పెట్టి వెనక్కి కొడుతుంది. మగ్గాల షెడ్డులో వాళ్ళకి ఆ నీలం గీతంటే హడలు. 'డేగ తన్నింది' అని తిట్టుకుంటూ తాను మళ్ళీ విప్పుతారు. ఆ డేగ ఎవరో వాళ్ళలో చాలామందికి తెలియదు. ఫోల్డింగ్ గదిలోకి మగవాళ్ళు అడుగు పెట్టే పనే ఉండదు.

ఆయన మగ్గం మీద పనిచేసే రోజుల్లో ఒకసారి మండిపడుతూ ఇంటికొచ్చాడు. "ఎవతో డేగట! వెంట్రుకంత తప్పుకి తానంతా వెనక్కి కొట్టింది. దాని కళ్ళు పేలిపోనూ!" అన్నాడు కంచం ముందు కూర్చుని. ఆమె నవ్వు ఆపుకుని ఇంకో గరిటె వడ్డించింది. చెబుదామనే అనుకుంది. ఆయన అడిగితే చెబుదామనుకుంది. ఆయన అడగలేదు.

ఇంట్లో ఆమెకి పిలుపులకి కొదవ లేదు. పెద్దకోడలు, అక్క, ఏమే. అన్నీ ఎవరో ఒకరి వల్ల వచ్చినవే. డేగ ఒక్కటే ఆమె తన కళ్ళతో సంపాదించుకుంది. నెలాఖరుకి ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఉండరు.

వెనక తలుపు చప్పుడైంది. సూదమ్మ. భుజం దగ్గర జాకెట్టుకి ఎప్పటిలాగే దారంతో సహా సూది గుచ్చుకుని ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"డేగా, నువ్వు లేస్తావటగా?"

"ఎవరన్నారు?"

"ఎవరనాలి? నీ మొహం చూస్తే తెలుస్తోంది." సూదమ్మ గడప మీద చతికిలబడింది. "నీకు దణ్ణం పెడతా, లేవకు."

"నువ్వూ ఇదే మాటా? నెలాఖరుకి నువ్వూ రోడ్డు మీదే కదే."

"నేనే కదా రోడ్డు మీద. మా ఆయన ఇంకా గేటు లోపలున్నాడు. చెయ్యి మిషన్లో పడ్డాక ఆయన్ని ఎవరు పెట్టుకున్నారు? పెద్దన్న కంపెనీవాళ్ళతో దెబ్బలాడి గేటు దగ్గర కాపలాకి స్టూలేయించాడు. ఆ స్టూలు ఆయన వేయించిందే. పెద్దన్న పోతే తీయించేస్తారు."

"ఆయన పోకపోతే మన బల్లలు తీయించేస్తారు."

"బల్లలు ఎలాగూ పోయాయిలే." సూదమ్మ ముక్కు చీదింది. "గంట ఒక్కతే లేస్తే, అది ఒక్కతే పడుతుంది. పాపం అనుకుంటాం, ఏడుస్తాం. నువ్వు కూడా లేస్తే మేం కూర్చోలేం. నీ వెనకాల మేం అందరం లేవాలి. అంత దమ్ము మాకు లేదు, డేగా."

"నాకుందా?"

"నువ్వు ఓడినా పెద్దన్న పెళ్ళానివే. ఆ ఇల్లు నీదే, ఆ వంటిల్లు నీదే. మేం ఓడితే ఏమవుతామో చెప్పు."

సూదమ్మ లేచి వెళ్ళబోతూ ఆగింది.

"నా మీద కోపం పెట్టుకోకు."

"వెళ్ళు. సభకి టైమవుతోంది" అంది పెద్దకోడలు.

ముందు గదిలోకి వచ్చి చూస్తే, రేకుపెట్టె మళ్ళీ వరండాలో ఉంది. ఈసారి ఆమె దాన్ని లోపలికి తేలేదు.

*

యూనియన్ హాలు కిక్కిరిసిపోయింది. ఏ సెక్షన్ వాళ్ళు ఆ సెక్షన్‌గా కింద కూర్చున్నారు. వేదిక ముందు నుంచి ద్వారం దాకా నేల మీద సుద్ద గీత ఉంది. గీతకి అటు పక్క ఖాళీ. అధ్యక్షుడి మాట కాదన్నవాళ్ళు లేచి ఆ గీత దాటి ఖాళీలో నిలబడాలి. నిలబడినవాళ్ళని అధ్యక్షుడు సెక్షన్‌తో, పని పేరుతో గట్టిగా పిలవాలి. అప్పుడే లెక్క.

ఈ పద్ధతి పెట్టింది పెద్దన్నే. మొదటి సమ్మెలో కంపెనీ తన మనుషుల్ని కార్మికుల వేషంలో సభకి పంపితే, కుర్రవాడిగా ఉన్న ఆయనే లేచి చెప్పాడు. పని పేరు తెలియకపోతే మనవాడు కాదు. అధ్యక్షుడికే తెలియకపోతే ఆయన వేదిక దిగి ఆ సెక్షన్‌ని అడగాలి. సెక్షన్ చెబితే మనవాడు, చెప్పకపోతే చెల్లదు. గీత దాటినవాళ్ళ మాట మాత్రం లెక్కలోకి రాదు, ఇవతల కూర్చున్నవాళ్ళే చెప్పాలి. తన మనుషుల పేర్లు తెలియని అధ్యక్షుడు కిందికి దిగాల్సిందే అని ఆయన ఆరోజు బల్లగుద్ది చెబితే హాలు చప్పట్లతో ఊగిపోయింది. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో ఆమె కూడా ఉంది. పెళ్ళి కాకముందు మాట.

తోటికోడలు లేచింది. తీర్మానం చదివే అవసరం కూడా లేకుండా నోటికి చెప్పింది.

"మమ్మల్ని అడక్కుండా పెట్టిన సంతకం మా సంతకం కాదు. ఆ ఒప్పందాన్ని సభ్యుల ముందు ఓటుకి పెట్టాలి. పెట్టేదాకా అధ్యక్షుడు కుర్చీ దిగాలి. అంతే."

గీత దాటింది. ఒక్కతే నిలబడింది. చీర చెంగు నోట్లో కుక్కుకుని ఉంది, ఏడుపు రాకుండా.

"ఫోల్డింగ్ సెక్షన్. గంట" అని పిలిచాడు పెద్దన్న మైకులో. గొంతు మామూలుగానే ఉంది. "బలపరిచేవాళ్ళు ఉన్నారా?"

ఎవరూ కదల్లేదు. ఫోల్డింగ్ ఆడవాళ్ళు తలలు వంచుకుని గోళ్ళు చూసుకుంటున్నారు.

"ఉన్నారా?"

పక్కన కూర్చున్న కార్యదర్శి అప్పుడే కలం మూత పెట్టేస్తున్నాడు. ఇంకోసారి అడగడం వాడుక. పెద్దన్న నోరు తెరిచేలోగా పెద్దకోడలు లేచి నిలబడింది. మెల్లిగా నడిచి, గీత మీద అడుగు పడకుండా దాటి, తోటికోడలి పక్కన నిలబడింది.

"అక్కా" అంది తోటికోడలు.

పెద్దన్న మైకు పట్టుకుని నిలబడిపోయాడు.

"ఫోల్డింగ్ సెక్షన్" అన్నాడు. ఆగాడు. "నా... మా ఇంటావిడ."

"పని పేరు, అన్నా!" అని వెనకనుంచి ఏదో ముసలి గొంతు అరిచింది. "ఇంటి పేరు కాదు, పని పేరు!"

కొందరు నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆయన ఇంకా వెతుక్కుంటున్నాడు. వాళ్ళకి అప్పుడు అర్థమైంది, ఆయనకి తెలియదని. మగ్గాల షెడ్డులో ప్రతి కుర్రాడినీ పేరు పెట్టి పిలిచే పెద్దన్నకి తెలియదు.

నియమం ఆయనదే. వేదిక దిగాడు. గీత దాకా వచ్చి ఆగాడు. భార్యాభర్తల మధ్య జానెడు నేల, దాని మీద సుద్ద.

"ఏమని పిలుస్తారే నిన్ను అక్కడ?" అన్నాడు, ఎవరికీ వినపడకుండా.

"ఇన్నేళ్ళకి అడిగారు."

"సరే, ఇప్పుడడుగుతున్నాను. చెప్పు."

"నన్ను కాదు" అంది ఆమె. కోపంగా అనలేదు. బతిమాలినట్టే అంది. "వాళ్ళని అడగండి. అడగాల్సింది ఎప్పుడూ వాళ్ళనే."

ఆయన ఫోల్డింగ్ ఆడవాళ్ళ వైపు తిరిగాడు. సంతకానికి ముందు గానీ తర్వాత గానీ ఆయన వాళ్ళ ముఖాలకేసి సూటిగా చూడటం అదే మొదలు.

"ఈవిడ పని పేరేమిటో మీ సెక్షన్ చెప్పాలి."

గీత దాటక్కర్లేదు. లేవనైనా లేవక్కర్లేదు. కూర్చున్నచోటినుంచి రెండక్షరాలు అంటే చాలు. పెద్దకోడలు ఒక్కొక్కరినే చూసింది. ఒకే బల్ల మీద మోచేతులు తగిలేలా పనిచేసినవాళ్ళు. ఒక్కరూ ఆమె చూపుకి అందలేదు. మగ్గాలవాళ్ళు తమకి తెలియనిదానికి నోరెత్తే వీల్లేక మెడలు సాచి చూస్తున్నారు.

సూదమ్మ లేచింది.

లేచావా తల్లీ అనుకుంది పెద్దకోడలు. సూదమ్మ ద్వారం వైపు చూసింది. అక్కడ ఆమె భర్త ఒంటి చేత్తో తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. సూదమ్మ చెయ్యి భుజం మీద సూది దగ్గరికి వెళ్ళింది. దారం వేలికి చుట్టుకుంది.

"ఈవిడెవరో మాకు తెలియదండీ" అంది.

తోటికోడలు కేక పెట్టింది. "ఏమే సూదమ్మా! నీ నోరు పడిపోనూ! తెలియదా? నీకు తెలియదా?" పెద్దకోడలు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది. సూదమ్మ కూర్చుని మోకాళ్ళలో తల దాచుకుంది. మిగతావాళ్ళెవరూ ఆమె మాట కాదనలేదు.

కార్యదర్శి వేదిక అంచుకి వచ్చి వంగాడు. "అయిపోయిందన్నా. చెల్లదు అనండి. ఒక్క మాట, అంతే."

పెద్దన్న వేదిక ఎక్కాడు. మైకు అందుకోవడానికి ఎడమ చెయ్యి ఎత్తాడు. చంక కింద చొక్కా చిన్నగా చిరుగుతున్న చప్పుడుతో విచ్చుకుంది.

ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది. చిరుగు వైపు చూసుకున్నాడు. తర్వాత మెల్లిగా తలెత్తి గీతకి అవతల ఉన్న భార్య కళ్ళ వైపు చూశాడు. వంటింటి గుమ్మంలోంచి ఆ పోగుని పట్టిన కళ్ళు. ఆయన ముఖంలో రంగు మారింది. నీలం సుద్ద గీతలు, విప్పిన తానులు, కంచం ముందు తాను తిట్టిన తిట్టు అన్నీ ఒక్కసారి ఆయనకి గుర్తొచ్చాయని ఆమెకి తెలిసిపోయింది. ఆయనకి ఇప్పుడు పేరు తెలుసు. తెలుసని ఆమెకి తప్ప హాల్లో ఎవరికీ తెలియదు. ఆ రెండక్షరాలు ఆయన మైకులో అంటే చాలు, ఆమె లెక్కలోకి వస్తుంది.

"చెల్లదు అనండన్నా" అన్నాడు కార్యదర్శి మళ్ళీ.

ఆయన మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. తోటికోడలు కళ్ళు మూసుకుంది. పెద్దకోడలు మూసుకోలేదు.